బైపాస్‌కి మేం ఒప్పుకోం

రోడ్డు కొలిచేవాళ్ళు మా గోడ మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు వేసి వెళ్ళిన రోజు నాన్న చేతిలో పని ఆపలేదు. పాత బస్సు సీటొకదాన్ని బోర్లా పడేసి, దబ్బనంతో రెక్సిన్ అంచు కుడుతూనే, "రంగు బాగుంది. ఎక్కడ కొన్నారో అడగాల్సింది," అన్నాడు.

అమ్మకి ఒళ్ళు మండింది. "ఇల్లు పడగొడతామని గుర్తేసి పోతే రంగు బాగుందంటారేంటండీ?"

"ఏడిస్తే చెరిగిపోతుందా? కిరసనాయిలు పెట్టి తుడిస్తే పోతుంది. తుడవనివ్వరు. మరి ఇంకేం చెయ్యను, మెచ్చుకున్నా."

మాది శివారు కాలనీలో ఒక ఇరుకు సందు. ముందు గదిలో నాన్న షాపు, వెనక రెండు గదుల్లో మేము ముగ్గురం. బస్సులకీ లారీలకీ చిరిగిన సీట్లు ఊడదీసి, పాత స్పాంజి పీకి, కొత్తది వేసి కుట్టడం నాన్న పని. సందులో అందరూ సీట్ల మేస్త్రీ అంటారు. నన్ను డిగ్రీ అంటారు. ఆ సందులో కాలేజీకి వెళ్ళి చివరిదాకా చదివింది మొదట నేనే. అందుకని ఎవరింట్లో మందు చీటీ అర్థం కాకపోయినా, ఎవరి ఫోన్‌లో ఇంగ్లీషు మెసేజి వచ్చినా "డిగ్రీని పిలవండర్రా" అంటారు. నేనూ వెళ్తాను. నాకు తెలియని సంగతైతే ఎవర్నైనా అడిగి తెలుసుకుని మరీ చెబుతాను. నాన్న కుట్టిన సీట్ల మీదే నా చదువు సాగింది. ఆ మాత్రం పని చెయ్యకపోతే ఆ చదువుకి అర్థం ఏముంది?

సందు దాటితే పెద్దరోడ్డు. ఊళ్ళోకి ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు, ఫ్యాక్టరీల లారీలు, స్కూలు బస్సులు, అంబులెన్సులు అన్నీ ఆ ఒక్క దారినే పోవాలి. పొద్దునపూట ఆ రోడ్డు మీద బండ్లు నడవవు, జరుగుతాయి. నేను బస్సెక్కి ఒక కునుకు తీసి కళ్ళు తెరిచినా కిటికీలోంచి ఎక్కినప్పుడు చూసిన మందుల షాపు బోర్డే కనపడేది. దీనికి విరుగుడుగా మా కాలనీ వెనకనుంచి ఒక కొత్త దారి వేసి, పెద్దాసుపత్రి దగ్గర మళ్ళీ పెద్దరోడ్డులో కలుపుతామన్నారు. దానిపేరు బైపాస్. కాగితం మీద అది సన్నటి నీలం గీత. ఆ గీత సరిగ్గా మా సందు మీంచి పోతోంది.

రోడ్డు అక్కర్లేదని నేనెప్పుడూ అనుకోలేదు. రోజూ రెండు పూటలా ఆ నరకంలో కూర్చునేదాన్ని నేను. కానీ గీత కాస్త పక్కకి జరిగితే ఖాళీగా పడి ఉన్న పాత గోదాముల మీంచి పోతుంది. అది ఎందుకు జరగదో ఎవరూ చెప్పలేదు. నాన్న సందువాళ్ళందర్నీ కూడగట్టాడు. ఆయనకి పెద్దరికం ఇష్టం లేదు గానీ, ముందు గదిలో కూర్చోడానికి బోలెడు సీట్లున్న ఇల్లు మాదే కాబట్టి మీటింగులన్నీ అక్కడే జరిగేవి.

అప్పట్లో రోడ్డు ఆఫీసు నుంచి ఇంటింటికీ ఫోన్లు వచ్చేవి. బైపాస్ మీద మీ అభిప్రాయమేంటని అడిగేవారు. చివరింటి పాలావిడ మొహమాటానికి "చూద్దాంలే నాయనా" అంటే, ఒప్పుకున్నట్టు రాసుకున్నారు. అది తెలిసి నాన్న అందర్నీ కూర్చోబెట్టి ఒక వాక్యం నేర్పాడు.

"ఎవరు చేసినా, ఎంత తియ్యగా మాట్లాడినా, ఒకటే మాట. బైపాస్‌కి మేం ఒప్పుకోం. చెప్పడం, పెట్టెయ్యడం. ఎందుకు అంటారు, ఏమిటి అంటారు, మాటలో మాట పెడతారు. మనకి వాదించడం రాదు. రాని పని పెట్టుకోవద్దు. ఏదీ, అందరూ ఒకసారి అనండి."

చిన్నపిల్లలు పద్యం చెప్పినట్టు అందరూ అన్నారు. బ్రెడ్డు మావయ్య మాత్రం, "బావా, మా ఆవిడ పొరపాటున నాతో కూడా అదే అంటుందేమో," అన్నాడు. ఆయన బేకరీ వ్యాను నడుపుతాడు. చుట్టరికమేం లేదు. అమ్మని అక్కా అంటాడు కాబట్టి నాన్నకి బావమరిది, నాకు మావయ్య.

అమ్మకి ఫోన్‌లో కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే మొదట్నుంచీ బెరుకు. హలో అనగానే ఫోన్ నాకు అందించేది. నాన్న ఆ ఒక్క మాట చేతికిచ్చేసరికి ఆవిడకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. అందరికంటే బాగా నేర్చుకుంది. దానికి తనే ఒక తోక కూడా తగిలించింది: "ప్రాణం పోయినా ఒప్పుకోం!" సందులో ఆ తోకకి మంచి పేరొచ్చింది.

నాన్నకి ఛాతీలో నొప్పి మొదలైంది ఆ రోజుల్లోనే. గ్యాస్ అంది అమ్మ. సోడా తాగించింది, వెల్లుల్లి మింగించింది. ఒకరోజు రెక్సిన్ చుట్ట ఎత్తబోయి నాన్న గోడ పట్టుకుని నిలబడిపోవడం నేను చూశాను. ఆయన మొహం మైనంలా ఉంది. రెక్సిన్ కొనడానికి వెళ్తున్నామని అమ్మకి చెప్పి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. పరీక్షలన్నీ అయ్యాక పెద్దడాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, గుండెకి రక్తం తీసుకెళ్ళే దారులు మూసుకుపోయాయి, బైపాస్ చెయ్యాలి అన్నారు.

నాన్న నా వైపు చూసి, "ఇక్కడ కూడా అదేనా?" అన్నాడు.

డాక్టరుకి అర్థం కాలేదు. "మూసుకుపోయిన రోడ్డు పక్కనుంచి ఇంకో దారి వేసినట్టేనండి," అన్నారు ఓపిగ్గా.

"ఎవరి ఇల్లు పడగొట్టి వేస్తారు డాక్టరుగారూ?"

"మీ కాల్లోంచి ఒక నరం తీసి వేస్తాం."

"అయితే కాలిని అడగాలి, ఒప్పుకుంటుందో లేదో," అన్నాడు నాన్న. నవ్వబోయి దగ్గాడు.

అది ధర్మాసుపత్రి. గుండె కోసే డాక్టరు బయటనుంచి నెలకొకసారి వస్తారు. వచ్చినప్పుడు కొద్దిమందికే చేస్తారు. వరసలో ఉండాలి. ముందున్నవాళ్ళలో ఎవరికైనా జ్వరమో జలుబో వస్తే వెనకవాళ్ళని పిలుస్తారు, పిలిచిన రోజే వచ్చి చేరాలి. "నెల దాటనివ్వకండి," అని డాక్టరు నాతో విడిగా అన్నారు. ఆ మాట నేను నాన్నకి చెప్పలేదు. చెప్పక్కర్లేదని ఆయన మొహం చూస్తే తెలిసింది.

బయటికి వస్తుంటే నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. "తల్లీ, మీ అమ్మకి ఇప్పుడే చెప్పకు. తెలిస్తే నాకంటే ముందు తన గుండె ఆగుతుంది. రోడ్డువాళ్ళు పెడతామన్న ఆ ప్రజాభిప్రాయ మీటింగు కానీ. అయ్యాక నేనే చెబుతా."

ఆసుపత్రిలో రెండు ఫోన్ నంబర్లు అడిగారు. నాన్న ఫోన్ స్పాంజి ముక్కల్లో ఎప్పుడు ఎక్కడుంటుందో ఆయనకే తెలియదు. మొదట నాది ఇచ్చాను. నేను పనిచేసే బీమా ఆఫీసులో ఫోన్లు హాల్లోకి రానివ్వరు, లాకరులో పెట్టాలి. అందుకని రెండోది అమ్మది ఇచ్చాను. ఫోన్ వస్తే అమ్మ ఎలాగూ నాకో నాన్నకో అందిస్తుంది కదా అనుకున్నాను. ఎప్పుడూ అదే చేసేది.

ప్రజాభిప్రాయ మీటింగు మా కాలనీ స్కూలు హాల్లో పెట్టారు. ఆ రోజు నేను ఆఫీసులో బతిమాలుకుని మధ్యలో బయటపడ్డాను. బస్సు కదలకపోతే దిగి నడిచాను. హాల్లోకి అడుగుపెట్టేసరికి నాన్న మైకు ముందు ఉన్నాడు. ఒక చెయ్యి బల్ల మీద ఆనించి మాట్లాడుతున్నాడు.

"సార్, నేను బస్సు సీట్లు కుడతాను. రోడ్డు లేకపోతే బస్సు లేదు, బస్సు లేకపోతే నాకు తిండి లేదు. రోడ్డు వద్దనడానికి నాకేమన్నా పిచ్చా? గీత కాస్త జరపమంటున్నా. సీటు కుట్టేటప్పుడు గుడ్డ చాలకపోతే గుడ్డ జరుపుతాం గానీ కూర్చునేవాణ్ణి కొయ్యం కదా."

హాలంతా నవ్వింది. వేదిక మీదున్న ఆఫీసరు కూడా నవ్వాడు. నాన్న వెళ్ళి ముందు వరసలో కూర్చుని మెల్లగా ఛాతీ రుద్దుకోవడం నాకు కనిపించింది. నేను బ్యాగులోంచి ఫోన్ తీశాను. ఆసుపత్రి నంబరు నుంచి వరసగా మిస్డ్ కాల్స్ ఉన్నాయి. బయటికి వెళ్ళి చేద్దామని వెనక్కి తిరిగాను. అప్పుడే అమ్మ మైకు పట్టుకుంది. అమ్మ మాట్లాడుతుందని నాకు తెలియదు. నిలబడిపోయాను.

"అయ్యా, నాకు మాట్లాడటం రాదు," అంది అమ్మ. "కానీ ఒక్కటి అడగాలి. ఈ పొద్దున మీ ఆఫీసు నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. బైపాస్ లిస్టులో మీవారి పేరు ముందుకొచ్చింది, ఒప్పుకుంటున్నారా అంది. ఒప్పుకోం అన్నా. ఆలోచించుకోండమ్మా, మళ్ళీ ఇప్పట్లో రాదు అంది. ఒప్పుకోం అన్నా. అప్పుడేమందో తెలుసా అయ్యా? ఒప్పుకోకపోతే ఆయన ప్రాణానికే ప్రమాదం అంది!"

హాలు ఒక్కసారిగా లేచింది. "సిగ్గు సిగ్గు" అన్నారు వెనకనుంచి.

"ఇల్లు తీసుకుంటామన్నారు, సరే. చంపుతామని బెదిరిస్తారా? ఇదేం రౌడీతనం? నేనేం భయపడలేదు. ప్రాణం పోయినా ఒప్పుకోం అని చెప్పి పెట్టేశా!"

చప్పట్లు. ఎవరో ఈల వేశారు. ఆఫీసరు లేచి, "అమ్మా, మా ఆఫీసు నుంచి అలా ఎవరూ..." అంటున్నాడు, ఎవరూ వినడం లేదు. నాన్న కూడా చప్పట్లు కొడుతున్నాడు. అలా కొడుతూ కొడుతూ ఆయన చేతులు గాల్లో ఆగిపోయాయి. వెనక్కి తిరిగి నాకోసం వెతికాడు. నేను ఫోన్ ఎత్తి చూపించాను. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

ఆసుపత్రి నుంచి అని ఆ అమ్మాయి మొదట్లోనే చెప్పి ఉంటుంది. బైపాస్ అన్న మాట చెవిన పడ్డాక అమ్మకి దాని ముందుదీ వెనకదీ వినపడలేదు. అది వినపడగానే ఏం చెప్పాలో నాన్నే నేర్పాడు.

స్కూలు మెట్ల మీద నిలబడి ఆసుపత్రికి ఫోన్ చేశాను. అడ్మిషన్లు రాసే చేర్పుల బల్ల దగ్గరి మనిషి ఎత్తాడు. "మీవాళ్ళు వద్దన్నారని రాశాం కదమ్మా. చాలా గట్టిగా చెప్పారట."

"పొరపాటండీ. మా అమ్మ అది రోడ్డు బైపాస్ అనుకుంది."

"ఏ రోడ్డు?" అన్నాడు.

చెప్పాను. ఏం చెప్పానో, ఎంత ఏడ్చానో నాకు గుర్తులేదు. ఆయన నిట్టూర్చాడు. "తర్వాతి పేషెంటు వచ్చి కూర్చుని ఉన్నాడు. రెండింటికి చేర్చుకోవాలి, ఆ వెంటనే పరీక్షలు మొదలు. ఆలోపు మీ నాన్నగార్ని నా ముందుకు తెస్తే మీదే. తర్వాత నా చేతుల్లో లేదు."

బ్రెడ్డు మావయ్య వ్యాను బయటే ఉంది. నాన్నని ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఆ సీటు నాన్న కుట్టిందే. నేనూ అమ్మా వెనక బ్రెడ్డు ట్రేల మధ్య ఇరుక్కున్నాం. అమ్మ గొణుగుతూనే ఉంది. "అంత బాగా జరుగుతుంటే మధ్యలో లాక్కొచ్చారు. గ్యాస్‌కి ఆసుపత్రేంటి? ఇంటికి పదండి, సోడా కలిపిస్తా."

వ్యాను పెద్దరోడ్డెక్కింది. ఎక్కి, ఆగింది.

ముందు ఒక సిమెంటు లారీ, దాని ముందు స్కూలు బస్సు, దాని ముందు కనపడినంత మేర బండ్లు. మావయ్య హారను కొట్టాడు. మిగతావాళ్ళూ కొట్టారు. పక్కకి చూస్తే మందుల షాపు బోర్డు. నాన్న నుదుటిమీద చెమట కారుతోంది, ఆయన దాన్ని తుడుచుకోవడం లేదు.

"ఇదిగో," అన్నాడు అమ్మతో. వెనక్కి తిరగలేదు. "పొద్దున నీకు ఫోన్ చేసింది రోడ్డువాళ్ళు కాదు."

"మరెవరు?"

"ఆసుపత్రివాళ్ళు. నా గుండెకి బైపాస్ చెయ్యాలి. ఆ లిస్టులో నా పేరొచ్చిందని చెప్పడానికి చేశారు."

అమ్మ నా మొహంలోకి చూసింది. నేను తల దించుకున్నాను. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. కాసేపటికి, "నేనేమన్నాను ఆ పిల్లతో?" అంది. తను ఏమందో తనకి తెలియనట్టే అడిగింది. "ప్రాణం పోయినా అన్నాను కదూ," అంది తనే.

"నేను నేర్పిందే కదా అన్నావు," అన్నాడు నాన్న. "తోక నీదే అనుకో."

అమ్మ వ్యాను తలుపు తోసి దూకింది. బండ్ల మధ్యన పడి సిమెంటు లారీ తలుపు దబదబా బాదింది. "జరుపు బాబూ, మనిషి పోతున్నాడు, జరుపు!"

లారీ డ్రైవరు తల బయటికి పెట్టాడు. "ఎక్కడికి జరపనమ్మా, గాల్లోకా?" అన్నాడు గానీ, అమ్మ మొహం చూసి దిగాడు. దిగి ఏం చేస్తాడు? ఇద్దరూ కలిసి స్కూలు బస్సు దాకా వెళ్ళారు. పక్క కారులో ఒకాయన అద్దం దించి, "ఆ సందువాళ్ళంట, బైపాస్ పడనివ్వడంలేదంట. వాళ్ళని తీసుకొచ్చి ఈ రోడ్డు మీద నిలబెట్టాలి," అన్నాడు ఎవరితోనో. అమ్మ సరిగ్గా ఆయన కిటికీ పక్కనే నిలబడి ఉంది. ఆయన వైపు చూసింది.

"మావయ్యా, నేను పరిగెత్తుకెళ్తా," అన్నాను. "నేను వెళ్ళి ఆపుతా. మీరు ఎలాగైనా తీసుకురండి."

"పో తల్లీ, పో," అన్నాడు మావయ్య. నాన్న ఏదో అన్నాడు, హారన్లలో వినపడలేదు.

పరిగెత్తాను. డిగ్రీ చదివిన మూడేళ్ళూ ఆ రోడ్డు మీద బస్సులో కూర్చునే ఉన్నాను గానీ, దాని పొడవెంతో నాకు ఆ రోజే తెలిసింది. బండ్ల సందుల్లోంచి, పేవ్‌మెంటు మీంచి, మధ్య దిమ్మె ఎక్కి దిగి పరిగెత్తాను. చెప్పు ఒకటి తెగితే రెండోది కూడా వదిలేశాను. ఆసుపత్రి గేటు దాటి, చేర్పుల బల్ల ముందు రెండు చేతులూ ఆనించి నిలబడ్డాను. గోడ గడియారంలో ఇంకా రెండు కాలేదు.

"వచ్చాం," అన్నాను.

బల్ల దగ్గరి మనిషి నా వెనక్కి చూశాడు. "పేషెంటేడమ్మా?"

"వస్తున్నారు. రోడ్డు మీద ఉన్నారు."

ఆయన చెడ్డవాడు కాదు. నన్ను ఫ్యాను కిందికి రమ్మన్నాడు, మంచినీళ్ళిచ్చాడు. "పేషెంటు లేకుండా ఎలా చేర్చుకోను చెప్పు?" అన్నాడు. నేను అమ్మకి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నారమ్మా?"

"మందుల షాపు దాటాం," అంది అమ్మ. అదేదో పెద్ద ఘనకార్యంలా చెప్పింది.

గోడవారన బెంచీ మీద ఒక ముసలాయన, ఆయన భార్య కూర్చున్నారు. కాళ్ళ దగ్గర సంచి. ఆయన అప్పటికే ఆసుపత్రి చొక్కా తొడుక్కుని ఉన్నాడు. ఆవిడ నన్ను చూస్తోంది, గడియారాన్ని చూస్తోంది, తలుపు వైపు చూస్తోంది. నేనూ అవే చూస్తున్నాను. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ నేను లేచి నిలబడితే ఆవిడ బిగుసుకుపోతోంది. వచ్చింది మావాళ్ళు కాదని తెలిశాక నేను కూర్చుంటే ఆవిడ ఊపిరి వదులుతోంది. మా ఇద్దరికీ ఒకళ్ళంటే ఒకళ్ళకి కోపం లేదు. వాళ్ళాయన బతకాలి, మా నాన్న బతకాలి. తలుపు ఒకటే.

రెండైంది. బల్ల దగ్గరి మనిషి కాగితాలు సర్దాడు, పెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. నేను ఫోన్ చేశాను. "కదులుతున్నాం, కదులుతున్నాం," అంది అమ్మ. ఆయన ఇంకాస్త ఆగాడు. లోపలనుంచి ఒక నర్సు వచ్చి, "ఎవర్నో ఒకర్ని పంపండి సార్, ల్యాబు వాళ్ళు వెళ్ళిపోతారు," అంది.

ఆయన నా వైపు చూడకుండా, "పెద్దాయన్ని తీసుకెళ్ళు," అన్నాడు.

ముసలాయన్ని చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాక, నేనింకా ఆ కారిడార్ మలుపు వైపు చూస్తుండగానే, మా వాళ్ళు వచ్చారు. మావయ్య ఒక చంక కింద, అమ్మ ఒక చంక కింద చెయ్యి వేసి నాన్నని నడిపిస్తున్నారు. నా మొహం చూడగానే అమ్మ ఆగిపోయింది. నాన్న మాత్రం ఖాళీ బెంచీ చూసుకుని మెల్లగా కూర్చున్నాడు. చేత్తో సీటు నొక్కి చూశాడు. "స్పాంజి చచ్చిపోయింది," అన్నాడు.

ఆ పెద్దాయన భార్య సంచి తీసుకెళ్ళడానికి వెనక్కి వచ్చింది. అమ్మ కళ్ళు తుడుచుకుంటుంటే చూసి, ధైర్యం చెప్పాలనుకుందేమో, పక్కన కూర్చుంది. "ఏడవకమ్మా. మాకూ ఈ నెల రాదన్నారు. పొద్దున ఎవరో మహాతల్లి వద్దందంట. ఆవిడ పుణ్యమా అని మావారికి దొరికింది. మీకూ అలాగే దొరుకుతుంది."

నేను వినలేక లేచి నిలబడ్డాను. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మంచిదమ్మా," అంది. "వెళ్ళు, ఆయన ఒక్కడే ఉంటాడు." ఆవిడ మర్చిపోయిన మంచినీళ్ళ సీసా కూడా అమ్మే తీసి సంచిలో పెట్టింది.

డ్యూటీ డాక్టరు నాన్నని చూశారు. నాలుక కింద మాత్ర పెట్టారు, ఇంజెక్షను ఇచ్చారు. ఇప్పటికి గండం గడిచింది, కానీ దూరం తీసుకెళ్ళకండి అన్నారు. బయటనుంచి వచ్చిన గుండె డాక్టరు ఇంకా కొద్దిరోజులుంటారు. లిస్టులో ఎవరైనా తప్పుకుంటే పిలుస్తాం, పిలిచిన అరగంటలో బల్ల ముందుండాలి అన్నారు. ఇంట్లో ఉంటే ఆ రోడ్డు మీద అరగంటలో రావడం ఎవరి తరమూ కాదు. అందుకని ఆసుపత్రి వెనక రోగుల బంధువుల కోసం వేసిన రేకుల షెడ్డులో దిగాం. మావయ్య మా షాపులోంచి ఒక పాత లారీ సీటు వ్యానులో తెచ్చి గోడవారన వేశాడు. నాన్న దాని మీదే పడుకుంటాడు.

"ఊరందరికీ సీట్లు కుట్టాను," అన్నాడు ఒకసారి, పై రేకుల్ని చూస్తూ. "నాకొక్క సీటు దొరకలేదు చూశావా డిగ్రీ?"

ఇంట్లో ఎప్పుడూ నన్ను అలా పిలవడు. నాకు నవ్వు రాలేదు. ఆయనా నవ్వించాలని అనలేదేమో.

సందునుంచి ఎవరెవరో వచ్చి పోతున్నారు. మీటింగులో అమ్మ మాట్లాడిన మాటలు ఊరంతా పాకాయట, రోడ్డు ఆఫీసువాళ్ళు గీత సంగతి మళ్ళీ చూస్తామన్నారట. చివరింటి పాలావిడ సంతోషంగా ఆ మాట చెబుతుంటే అమ్మ వింటున్నట్టే ఉంది గానీ, చూపంతా ఒళ్ళో ఫోన్ మీదే. ఆ రోజు నుంచి ఫోన్ ఆవిడ చేతిలోంచి దిగలేదు. అన్నం తినేటప్పుడు ఎడం చేతిలో ఉంటుంది. ఎవరు చేసినా స్పీకరు పెడుతుంది. తన రెండు చెవుల మీద ఆవిడకి నమ్మకం పోయింది. నా చెవులు, నాన్న చెవులు కూడా వినాలి.

నిన్న మధ్యాహ్నం ఫోన్ మోగింది. కొత్త నంబరు. అమ్మ ఒక్క ఉదుటున లేచింది. నాన్న మోచేతి మీద లేవబోతే నేను పట్టుకున్నాను.

"నమస్కారమమ్మా. బైపాస్ విషయంలో మాట్లాడాలని చేశాను," అన్నాడు అవతల ఒక అబ్బాయి, మర్యాదగా.

అమ్మ గొంతు సవరించుకుంది. "ఏ బైపాస్ బాబూ?"

"అర్థం కాలేదమ్మా?"

"రోడ్డుదా, గుండెదా?"

"రోడ్డుదేనమ్మా. రోడ్డు ఆఫీసు నుంచి," అన్నాడతను అయోమయంగా. "అందరి అభిప్రాయం మళ్ళీ తీసుకుంటున్నాం."

అమ్మ భుజాలు కిందికి జారాయి. పెట్టేస్తుందనుకున్నాను. పెట్టెయ్యలేదు.

"బాబూ, ఆ రోడ్డు పడితే మా సందులోంచి పెద్దాసుపత్రికి ఎంతసేపట్లో రావచ్చు?"

"పావుగంటమ్మా. ఇంకా తక్కువే."

అమ్మ కళ్ళు మూసుకుంది. ఆ పావుగంటలో ఆవిడ మనసులోనే మమ్మల్నందర్నీ వ్యానులో ఎక్కించుకుని, ఎక్కడా ఆగకుండా, మా ముందు గది మీంచి, నాన్న కుట్టు మిషను మీంచి, ఆ ఎర్ర ఇంటూ గుర్తు మీంచి వచ్చేసి ఉంటుంది. నేనూ వచ్చాను.

"ఎప్పటికి పడుతుంది?"

"అన్నీ సవ్యంగా జరిగితే మూడేళ్ళు."

"మూడేళ్ళు," అంది అమ్మ. నాన్న వైపు చూసింది. ఆయన పెదాలు నీలంగా ఉన్నాయి.

"అయితే ఒప్పుకుంటున్నట్టా, లేనట్టా అమ్మా? ఏదో ఒకటి రాసుకోవాలి."

అమ్మ అరచేత్తో ఫోన్ మూసింది. "ఏవండీ, ఏం చెప్పమంటారు?"

నాన్న చాలాసేపు ఆలోచించాడు. పక్కనే గోడకి అవతల ఎవరినో చక్రాల కుర్చీలో తోసుకెళ్తున్న చప్పుడు వచ్చి పోయింది.

"ఏమో. నేను నేర్పిన మాట మాత్రం చెప్పకు," అన్నాడు.

అమ్మ చెయ్యి తీసింది. "బాబూ, ఏమనుకోకు," అంది. "ఆసుపత్రివాళ్ళు చేస్తారు. లైను ఖాళీగా ఉండాలి."

పెట్టేసింది. పెట్టి, ఫోన్ నా చేతికిచ్చింది.

"సరిగ్గా కట్టయిందో లేదో చూడు," అంది.